ఫోటోకి లోతు తెద్దామా!

ఆదివారం పూట పిల్లల్ని తీసుకుని మౌలాలి గుట్ట ఎక్కారనుకోండి. మెట్లన్నీ ఎక్కేసరికి ఆయాసం వస్తుంది కానీ, పైకెళ్లి ఉత్తరం వైపు చూస్తే ఆ కష్టమంతా మరచిపోతాం. కాళ్ల దగ్గర ఎండకి మెరిసే పెద్ద పెద్ద బండరాళ్లు. కిందికి దిగుతూ ఇళ్లూ, మేడలూ. ఆ వెనక ఏ.ఎస్.రావు నగర్, సైనిక్‌పురి వీధుల్లో చెట్ల పచ్చదనం. ఇంకా అవతల మసకమసకగా ఆకాశంలో కలిసిపోయే ఊరు. ఫోన్ తీసి గబగబా నాలుగు ఫోటోలు తీసేస్తాం. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఏముంది? బండలూ, ఇళ్లూ, ఆకాశం అన్నీ కలిసి గోడకి అతికించిన కాగితంలా కనిపిస్తాయి. 'అక్కడ చూస్తే ఎంత బాగుందో! ఫోటోలోనే సరిగ్గా రాలేదు' అంటూ పక్కింటి పిన్నిగారికి చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంతకీ ఫోటోలో రానిదేమిటి? రంగులొచ్చాయి, ఇళ్లొచ్చాయి, చెట్లొచ్చాయి. రానిది ఒక్కటే... లోతు. దగ్గరున్నది దగ్గరగా, దూరంగా ఉన్నది దూరంగా అనిపించే గుణం. ఆ లోతుని కొంతవరకూ తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు, కంప్యూటర్ కోర్సు అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోనూ, ఓ పావుగంట తీరికా చాలు. కాకపోతే ఏది ఎందుకు చేస్తున్నామో తెలియాలి. తెలియకుండా వేళ్లు ఆడిస్తే ఉన్న లోతు కూడా పోతుంది!

కెమెరాది ఒంటికన్ను

మనకి రెండు కళ్లున్నాయి. వాటి మధ్య దూరం సుమారు ఆరు సెంటీమీటర్లు. అందుకే రెండు కళ్లూ ఒకే వస్తువుని కాస్త వేరువేరు కోణాల్లో చూస్తాయి. ఓ చిన్న పరీక్ష చేసి చూడండి. చూపుడువేలు ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూయండి. వేలు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. దూరంగా గోడమీద ఉన్న గడియారం మాత్రం అంతగా జరగదు. ఈ తేడాని బట్టే మెదడు 'ఇది దగ్గర, అది దూరం' అని లెక్క కడుతుంది.

ఈ సంగతిని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త లోకానికి చూపించాడు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించే స్టీరియోస్కోప్ అనే పరికరం తయారుచేశాడు. తర్వాత్తర్వాత పిల్లల చేతికొచ్చిన వ్యూమాస్టర్ గుర్తుందా? గుండ్రటి అట్టచక్రం పెట్టి మీట నొక్కుతుంటే తాజ్‌మహలూ, జంతువులూ ఎదురుగా నిలబడ్డట్టు కనిపించేవి. అదీ ఈ సూత్రమే.

మామూలు ఫోటోకి ఆ వీలు లేదు. అది ఒకే కోణంలో చూసిన బొమ్మ. పైగా ఫోన్ కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ చాలా చిన్నది. అందువల్ల దగ్గరున్న తులసికోటా, దూరంగా ఉన్న ఎదురింటి గోడా రెండూ దాదాపు ఒకే స్పష్టతతో పడతాయి. అది చాలదన్నట్టు, నీడలో ఉన్నవన్నీ కనబడాలని ఫోన్ తనంతట తానే నీడల్ని వెలిగించి, మరీ తెల్లగా ఉన్నచోట వెలుగు తగ్గించేస్తుంది. వివరాలు కనిపిస్తాయి నిజమే, కానీ చీకటికీ వెలుగుకీ ఉన్న తేడా కరిగిపోతుంది. ఫోటో చదునైపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

మరి ఒక్క కన్ను మూసుకున్నా మనం గుమ్మానికి ఢీ కొట్టుకోం కదా? ఎందుకంటే దూరాన్ని తెలిపే గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి. దూరమయ్యేకొద్దీ వస్తువులు చిన్నవవుతాయి. ముందున్నది వెనకున్నదాన్ని కొంత కప్పుతుంది. నీడ ఎటు పడిందో దాన్ని బట్టి గుండ్రమో, చదునో తెలుస్తుంది. దూరంగా ఉన్నవి గాలిలోని దుమ్మూ, తేమా వల్ల పాలిపోయి, కాస్త నీలంగా కనిపిస్తాయి. చిత్రకారులు వందల ఏళ్లుగా ఈ గుర్తులతోనే చదునైన గుడ్డమీద కొండల్నీ, లోయల్నీ చూపిస్తున్నారు. ఎడిటింగ్‌లో మనం చేయబోయేదీ అదే. ఫోటోలో మసకబారిన ఆ గుర్తుల్ని మళ్లీ కాస్త గట్టిపరచడం.

మన ఊరికి కొత్త విద్యేం కాదు

ఫోటోని దిద్దడం అంటే ఈ మధ్య ఫోన్లతో వచ్చిన సరదా అనుకుంటాం. కానీ ఇది ఫోటో ఎంత పాతదో అంత పాతది. హైదరాబాద్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, సికిందరాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1892లో ఆయన కేవలం స్త్రీల కోసం ఓ జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు నిస్సంకోచంగా వచ్చి ఫోటో తీయించుకునేందుకు దాని బాధ్యతని కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళకి అప్పగించారు. కెమెరా వెనక స్త్రీ ఉండడం మన ఊళ్లో వందేళ్లకి పైబడిన మాటేనన్నమాట!

ఆ కాలపు స్టూడియోల్లో వెనక ఓ పరదా కట్టి ఉండేది. దానిమీద తోటో, స్తంభాల వరండానో, మలుపు తిరిగే మెట్లో వేసి ఉండేవి. చిన్న గదిలో తీసిన ఫోటోకి లోతు తెచ్చే ఉపాయం అది. ఫోటో తీశాక నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవారు. ప్రింటు మీద కుంచెతో రంగులద్దేవారు.

చీకటిగదిలో ప్రింటు వేసేటప్పుడు ఇంకో కిటుకుండేది. ఫోటోలో ఏ భాగం తెల్లగా రావాలో అక్కడ వెలుగు పడకుండా తీగకి కట్టిన చిన్న అట్టముక్క కాసేపు అడ్డం పెట్టేవారు. నల్లబడాల్సినచోట అరచేతుల మధ్య సందులోంచి ఎక్కువసేపు వెలుగు పడనిచ్చేవారు. మొదటిదాన్ని డాడ్జింగ్ అనీ, రెండోదాన్ని బర్నింగ్ అనీ అంటారు. 1990లో ఫోటోషాప్ బజారులోకొచ్చాక కూడా ఈ పేర్లు పోలేదు. దాంట్లో డాడ్జ్ పనిముట్టుకి గుర్తు ఆ పుల్లకున్న అట్టముక్క, బర్న్‌కి గుర్తు మడిచిన చెయ్యి! ఇవాళ మన ఫోన్‌లోని యాప్‌ల్లోనూ అవే పేర్లు.

నలుపు తెలుపుల్లో లోతు ఎలా తేవచ్చో చూడాలంటే 1957 నాటి 'మాయాబజార్' మరోసారి చూడండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పట్టిచ్చిన ఆ వెన్నెల... నీళ్లమీద మెరుపూ, ముఖాల మీద మెత్తటి వెలుగూ, వెనక చీకటీ. రంగు లేకపోయినా ఏది దగ్గరో ఏది దూరమో కన్ను ఇట్టే పట్టేస్తుంది. అదే సినిమాకి హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ కంప్యూటర్‌తో రంగులద్దితే 2010లో మళ్లీ థియేటర్లకొచ్చింది. రంగు తర్వాత వచ్చింది గానీ లోతు మొదటి నుంచీ ఉంది. అంటే లోతుకి మూలం రంగు కాదు, వెలుగునీడలు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఎడిటింగ్ సగం వచ్చినట్టే.

సైనిక్‌పురికి దగ్గర్లోనే ఉన్న ఈసీఐఎల్ సంగతీ చెప్పుకోవాలి. డాక్టర్ ఏ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలైన ఆ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని తయారుచేసింది. దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో అదొకటి. అప్పుడు కంప్యూటరంటే శాస్త్రవేత్తల దగ్గర ఉండే యంత్రం. ఇప్పుడు అంతకన్నా ఎన్నో రెట్లు శక్తి ఉన్నది మన హ్యాండ్‌బ్యాగులో, తాళాల గుత్తి పక్కన పడి ఉంటోంది. దాన్ని వాడుకోవడమే తరువాయి.

తీసేటప్పుడే సగం పని

పప్పులో ఉప్పు మరచిపోతే పైన చల్లుకోవచ్చు. పప్పే ఉడక్కపోతే ఏం చేస్తాం? ఫోటో కూడా అంతే. అసలు లేని వెలుగుని సాఫ్ట్‌వేర్ సృష్టించలేదు. అందుకని తీసేటప్పుడే మూడు జాగ్రత్తలు.

మొదటిది వేళ. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద నుంచి పడుతుంది. నీడలు కాళ్ల కిందే ఉండిపోతాయి. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు దాటాక ఎండ పక్కనుంచి పడుతుంది. చెట్టు మొదలూ, గోడ గరుకూ, ముఖంలో ముక్కూ చెంపా అన్నీ తేరి కనిపిస్తాయి. సైనిక్‌పురి లాంటి చెట్లున్న వీధుల్లో పొద్దుటి ఎండ కొమ్మల సందుల్లోంచి రోడ్డుమీద చారలు చారలుగా పడుతుంటే అవే దూరాన్ని కొలిచి చూపిస్తాయి.

రెండోది ముందుభాగం. ఫోటోలో దగ్గరగా ఏదో ఒకటి ఉండాలి. గుమ్మంలో ముగ్గు, గేటు రెక్క, బోగన్‌విలియా కొమ్మ... ఏదైనా సరే. అది ఉంటేనే వెనకున్నది వెనకగా అనిపిస్తుంది.

మూడోది ఫ్లాష్. ఎదురుగా ఫ్లాష్ కొడితే ముఖంమీది నీడలన్నీ మాయమై అట్టబొమ్మలా వస్తుంది. గదిలో తీస్తుంటే మనిషిని కిటికీ పక్కన కాస్త ఓరగా నిలబెట్టండి. చాలు.

మూడు పొరలుగా చూడండి

ఇక ఎడిటింగ్. కంప్యూటరుంటే ఉచితంగా దొరికే జింప్ ఉంది. ఫోన్‌లోనైతే గూగుల్ వారి స్నాప్‌సీడ్ ఉంది, అదీ ఉచితమే. ఫోన్‌తో పాటు వచ్చిన ఎడిటర్‌లోనూ చాలా పనులు అవుతాయి. పేర్లు అటూ ఇటుగా ఉన్నా పని ఒక్కటే.

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఫోటోని ఓ నిమిషం ఊరికే చూడండి. దాన్ని మూడు పొరలుగా విడదీసుకోండి. ముందు ఉన్నది, మధ్యలో ఉన్నది, వెనక ఉన్నది. మౌలాలి ఫోటోలోనైతే బండరాయి ముందు, ఇళ్లు మధ్య, మసక ఊరు వెనక. ఈ మూడింటినీ ఒకేలా దిద్దితే మూడూ కలిసిపోతాయి. వేరువేరుగా దిద్దితే విడివడతాయి. కిటుకంతా ఇక్కడే ఉంది.

ముందుగా మొత్తం ఫోటోకి కాంట్రాస్ట్ కొద్దిగా పెంచండి. స్నాప్‌సీడ్‌లో 'ట్యూన్ ఇమేజ్'లో ఉంటుంది. ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు, ఎక్కడో ఒకచోట నిజమైన తెలుపు ఉండేలా చూసుకోండి. నలుపు బూడిదలా ఉన్న ఫోటోకి లోతుండదు. కానీ 'షాడోస్' మీటని చివరిదాకా లాగి నీడలన్నీ వెలిగించకండి. అలా చేస్తే ఫోన్ చేసిన తప్పునే మనమూ చేసినట్టు.

తర్వాత ముందు పొర. 'సెలెక్టివ్' అనే పనిముట్టు తీసుకుని బండరాయి మీద వేలు పెడితే ఓ చుక్క పడుతుంది. రెండు వేళ్లతో దగ్గరికీ దూరానికీ జరిపితే అది పనిచేసే మేర తగ్గుతుంది, పెరుగుతుంది. అక్కడ మాత్రమే కాంట్రాస్ట్, 'స్ట్రక్చర్' కొద్దిగా పెంచండి. రాతి గరుకు తేలుతుంది, బండ మన వైపు జరిగినట్టనిపిస్తుంది.

ఇప్పుడు వెనక పొర. ఇక్కడ పని తలకిందులు. దూరంగా ఉన్న ఊరిమీద చుక్క పెట్టి కాంట్రాస్ట్ కాస్త తగ్గించండి, వెలుగు ఓ పిసరు పెంచండి. రంగు తగ్గినా ఫర్వాలేదు. దూరంగా ఉన్నవాటి సహజగుణమే పాలిపోవడం కదా. చాలామంది మసకని చూడగానే 'డీహేజ్' మీట నొక్కేస్తారు. మొత్తం ఫోటోలో మసక పోయి దూరపు ఇళ్లు కూడా కళ్లముందుకొచ్చి నిలబడతాయి. స్పష్టత వచ్చింది, దూరం పోయింది! మసక కొంత ఉండనివ్వండి. అదే లోతు.

రంగుల్లోనూ ఓ తేడా ఉంది. ఎరుపు, పసుపు, నారింజ లాంటి వెచ్చని రంగులు ముందుకొచ్చినట్టూ, నీలం లాంటి చల్లని రంగులు వెనక్కి వెళ్లినట్టూ చాలాసార్లు అనిపిస్తుంది. 'బ్రష్'లో 'టెంపరేచర్' తీసుకుని ముందుభాగానికి రవ్వంత వెచ్చదనం, వెనకభాగానికి రవ్వంత చల్లదనం పూయండి. రవ్వంత అన్నమాట గమనించండి. ఎక్కువైతే పాత సినిమా పోస్టరు అవుతుంది.

వెలుగూ నీడా వేలికొసతో

ఇందాక చెప్పుకున్న డాడ్జ్, బర్న్ ఇప్పుడు చేద్దాం. స్నాప్‌సీడ్‌లో ఇదీ 'బ్రష్'లోనే ఉంటుంది. ప్లస్ గుర్తుతో రుద్దితే ఆ చోటు వెలుగుతుంది. మైనస్‌తో రుద్దితే నల్లబడుతుంది. చూసేవారి కన్ను ముందుగా వెలుగున్న చోటికే పోతుంది. కాబట్టి ఎవరి ఫోటో అయితే వారి ముఖమ్మీద కాస్త వెలుగు, చుట్టూ ఉన్న గోడమీదా, నేలమీదా కాస్త నీడ. అంతే, మనిషి గోడ నుంచి విడివడి ముందుకొస్తుంది.

ఇందులో ఒక్క నియమం తప్పకూడదు. వెలుగు ఎటునుంచి వస్తోందో ముందు చూసుకోవాలి. కిటికీ ఎడమవైపు ఉంటే ఎడమ చెంపకే వెలుగు పెంచాలి. కుడి చెంప కూడా వెలిగించేస్తే ఏం తప్పు జరిగిందో చూసేవారు చెప్పలేకపోవచ్చు గానీ, 'ఏదో తేడాగా ఉందే' అని మాత్రం అంటారు.

చివర్లో 'విన్యెట్'. ఫోటో నాలుగు అంచులూ కొద్దిగా నల్లబరుస్తుంది. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూస్తున్నట్టు కన్ను మధ్యకి చేరుతుంది. అంచులు నల్లబడ్డాయని ఎవరికైనా తెలిసిపోయిందంటే ఎక్కువైనట్టే లెక్క.

మసకతో జాగ్రత్త!

ఈ రోజుల్లో చాలా ఫోన్లలో 'పోర్‌ట్రెయిట్' మోడ్ ఉంది. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌తో దీనికి ప్రచారం బాగా వచ్చింది. పెద్ద లెన్సున్న కెమెరాతో తీస్తే వెనకభాగం మెత్తగా మసకబారుతుంది కదా, దాన్ని ఫోన్ లెక్కలు కట్టి కల్పిస్తుంది. ఏది దగ్గరో ఏది దూరమో ఊహించి, దూరమనుకున్నదాన్ని అలికేస్తుంది.

ఊహ కాబట్టి తప్పులూ ఉంటాయి. మన ఆడవాళ్ల ఫోటోల్లో ఆ తప్పులు పడే చోట్లు కూడా మామూలుగా అవే. జడలో మల్లెపూల చివర్లు, చెవికీ మెడకీ మధ్య వేలాడే జుంకీ, నుదుటిమీద రేగిన వెంట్రుకలు, పల్చటి ఓణీ అంచు, చెయ్యి నడుమ్మీద పెట్టుకుంటే మోచేతి సందు. సగం జుంకీ స్పష్టంగా, సగం మసకగా ఉంటే ఆ ఫోటో పాడైనట్టే. పెద్దది చేసి ఈ చోట్లన్నీ చూసుకోండి. చాలా ఫోన్లలో ఫోటో తీశాక కూడా మసక మోతాదు తగ్గించుకునే వీలుంటుంది. సగానికి తగ్గిస్తే తప్పులు చాలావరకు కనిపించవు.

ఇంకొకటి. నిజంగా మసక ఒక్కసారిగా రాదు. మనిషి కాళ్ల దగ్గర నేల స్పష్టంగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా మసకబారుతుంది. కాళ్ల దగ్గరి నేల కూడా మసకగా ఉంటే మనిషి గాలిలో తేలుతున్నట్టుంటుంది.

ఇంటి వ్యాపారానికి ఇదే దుకాణం

ఇంట్లోనే పచ్చళ్లూ, కేకులూ, చీరలూ అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు సైనిక్‌పురిలోనే కాదు, చిన్న చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. వారికి అద్దాల షోరూం లేదు, ఫోటోయే షోరూం. కొనేవాళ్లు చేత్తో తాకి చూడలేరు. కాబట్టి తాకిన అనుభూతిని ఫోటోయే ఇవ్వాలి. అదిచ్చేది లోతే.

పట్టుచీర ఫోటో తీస్తున్నారనుకోండి. నేలమీద పరిచి పైనుంచి తీస్తే దుప్పటిలా ఉంటుంది. కుర్చీ వీపుమీదో, కొయ్యమీదో వేసి మడతలు జారేలా వదిలి, కిటికీ వెలుగులో ఓరగా తీయండి. మడతల మధ్య నీడే పట్టు బరువుని చెబుతుంది. ఎడిటింగ్‌లో ఆ నీడల్ని కొంచెం బర్న్ చేసి, జరీ అంచు మెరిసే చోట కొంచెం డాడ్జ్ చేస్తే చాలు. రంగు జోలికి మాత్రం పోవద్దు. గద్వాల చీర కుంకుమరంగుని 'శాచురేషన్'తో మండిపోయే ఎరుపు చేస్తే ఫోటోకి మెచ్చుకోళ్లొస్తాయి, చీర తిరిగొస్తుంది. ఒకసారి తిరిగొచ్చిన చీర వెనకే పది మంది కొనుగోలుదార్ల నమ్మకం కూడా పోతుంది. ఎడిట్ చేశాక అసలు చీరని ఫోన్ పక్కన పెట్టి పగటి వెలుగులో పోల్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఆవకాయ సీసా అయితే వెలుగు వెనకనుంచి కొంచెం ఓరగా పడనివ్వండి. నూనె మెరుపూ, సీసా గుండ్రదనం తెలుస్తాయి. చాలామంది వెనకభాగాన్ని చెరిపేసి తెల్లటి నేపథ్యంలో సీసాని అతికిస్తుంటారు. దాంతోపాటు సీసా కింద నీడా పోతుంది. నీడలేని సీసా ఎక్కడా ఆనకుండా తేలుతూ ఉంటుంది. ఆ నీడని చెరపకండి. చెరిగిపోతే సీసా అడుగున మెత్తటి బూడిదరంగు నీడ ఒకటి బ్రష్‌తో పూయండి, వెలుగుకి ఎదురు దిక్కున. వస్తువు నేలమీద నిలబడ్డట్టు అవుతుంది.

ముఖం తెల్లబడితే లోతు పోతుంది

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అమ్మాయి ఫోటో పెళ్లి సంబంధాలకి పంపాలనగానే ఇంట్లోవాళ్లు మొదట నొక్కే మీట 'బ్యూటీ'. చర్మం నున్నబడుతుంది, రంగు తెల్లబడుతుంది. కానీ కాస్త ఆగి చూడండి. ముక్కు పక్కనుండే నీడ ఏమైంది? చెంపల గుండ్రదనం ఏమైంది? గడ్డం కింద మెడని విడదీసే గీత ఏమైంది? ముఖాన్ని ముఖంగా నిలబెట్టేవి ఆ నీడలే. తెల్లబరచడమంటే వాటిని తుడిచేయడమే. మిగిలేది ఆవిరి మీద నుంచి తీసిన ఇడ్లీ లాంటి ముఖం.

నిజానికి చామనఛాయ, నలుపు ముఖాలకి లోతు తేవడం కష్టమేమీ కాదు. చెంప ఎముక మీదా, ముక్కు దూలం మీదా, కింది పెదవి మీదా పడే చిన్న మెరుపులు అలాంటి చర్మం మీద చాలా అందంగా తేలతాయి. అక్కడ వెలుగు ఓ పిసరు పెంచండి. నీడల్ని అలాగే వదిలేయండి. చర్మం రంగుని ముట్టుకోకండి. ముఖం సజీవంగా వస్తుంది, అమ్మాయి అమ్మాయిలాగే ఉంటుంది.

తెలుపే అందమనే ప్రచారానికి కళ్లెం వేసే ప్రయత్నాలు మొదలయ్యాయి కూడా. చర్మం రంగుని బట్టి మనుషుల్ని తక్కువ చేసి చూపే ప్రకటనలు కూడదని 2014లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ మార్గదర్శకాలిచ్చింది. 2020లో షాదీ డాట్ కామ్ చర్మం రంగుని బట్టి సంబంధాలు వెతికే సదుపాయాన్ని తీసేసింది. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి 'ఫెయిర్' అనే మాటని వదిలేసుకుంది. మరి మనమే ఇంట్లో కూర్చుని మన పిల్ల ముఖానికి వెల్ల వేస్తే ఎలా? పెళ్లిచూపుల నాడు ఫోటోకీ మనిషికీ పోలిక కుదరక ఎదుటివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే తలదించుకోవాల్సి వచ్చేది ఆ పిల్లే. ఏ తప్పూ చేయకుండానే!

ట్రంకుపెట్టె ఫోటోలకి మళ్లీ ఊపిరి

సైనిక్‌పురి మాజీ సైనికోద్యోగుల కుటుంబాలతో పెరిగిన కాలనీ. ఇలాంటి ఇళ్లలో ట్రంకుపెట్టె తీస్తే యూనిఫారంలో ఉన్న తాతగారో, మంచు కొండల ముందు నిలబడ్డ నాన్నగారో బయటపడతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఫోటోల్లో నలుపు బూడిదగా, తెలుపు పసుపుగా మారుతుంది. లోతు పోతుంది.

దాన్ని స్కాన్ చేయించండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, మెరుపు పడకుండా ఫోన్‌ని నిటారుగా పట్టుకుని తీయండి. ఎడిటర్‌లో 'లెవెల్స్' లేదా 'కర్వ్స్' తీసుకుని నలుపుని మళ్లీ నలుపు చేయండి, తెలుపుని తెలుపు చేయండి. అంతే, కోటు మడతలూ, కళ్లలో మెరుపూ తిరిగొస్తాయి. గీతలు పడ్డచోట 'హీలింగ్'తో మెల్లగా తుడవండి. కళ్ల మీదా, పెదాల మీదా మాత్రం వద్దు. అక్కడ వెంట్రుకవాసి మారినా అది తాతగారు కాకుండా పోతారు.

కృత్రిమ మేధతో పనిచేసే కొత్త యాప్‌లు పాడైపోయిన ముఖాన్ని కూడా కొత్తగా 'తయారు' చేసి ఇస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ కళ్లు ఎవరివి? యాప్ ఊహించినవి. అలాంటివి చేసుకున్నా అసలు ఫోటోని విడిగా, భద్రంగా దాచండి. రేపు మనవలకి అందాల్సింది అదే. అలాగే ఊరూ పేరూ తెలియని యాప్‌లలోకి పిల్లల ఫోటోలూ, ఆడపిల్లల ఫోటోలూ ఎక్కించకండి. ఉచితమని ఆశపడితే ఆ ఫోటో తర్వాత ఎటుపోతుందో మన చేతిలో ఉండదు.

ఇవి గుర్తుంచుకోండి

* అసలు ఫోటో మీద ఎప్పుడూ దిద్దవద్దు. నకలు తీసుకుని దానిమీదే పనిచేయండి.

* పని వరస: ముందు వంకర సరిచేయడం, తర్వాత మొత్తం వెలుగు, తర్వాత మూడు పొరలు, ఆ తర్వాత డాడ్జ్-బర్న్, చివర్లో విన్యెట్.

* ముందుభాగంలో కాంట్రాస్ట్ ఎక్కువ, వెనకభాగంలో తక్కువ.

* ఎండలో కూర్చుని ఎడిట్ చేయవద్దు. తెర సరిగ్గా కనబడక అన్నీ ఎక్కువ చేసేస్తాం. తెర వెలుగు మరీ ఎక్కువగానూ, తక్కువగానూ పెట్టుకోవద్దు.

* ఎడిట్ చేశాక ఫోన్ పక్కన పెట్టి ఓ కప్పు టీ తాగి రండి. మళ్లీ చూస్తే ఎక్కడ ఎక్కువైందో మీకే తెలుస్తుంది. ఒక్కో మార్పునీ సగానికి తగ్గించి చూడండి. చాలాసార్లు ఆ సగమే సరిపోతుంది.

* పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఇంట్లోవాళ్లకి చూపించండి. 'ఎడిట్ చేశావా?' అని అడిగితే ఎక్కువైనట్టు. 'ఇది ఎప్పుడు తీశావు, భలే ఉందే!' అంటే సరిగ్గా కుదిరినట్టు.

మొదటి రోజే అన్నీ వచ్చేయాలని లేదు. ముగ్గు నేర్చుకున్నప్పుడు మొదట చుక్కలు పెట్టడం, తర్వాత కలపడం, ఆ తర్వాతే కదా మెలికలు! ఈ వారం ఒక్క డాడ్జ్-బర్నే నేర్చుకోండి. ఇంట్లో ఎవరైనా కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నప్పుడు ఓ ఫోటో తీసి, వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి, అటువైపు చెంపకి ఓ పిసరు వెలుగివ్వండి. వెనక గోడని ఓ పిసరు నల్లబరచండి. ముడతలుంటే ముడతలు, నెరిసిన జుట్టుంటే నెరిసిన జుట్టు... అన్నీ అలాగే ఉంచండి. మనం రోజూ చూసే మనిషి మనకెలా కనిపిస్తారో ఫోటోలోనూ అలాగే కనిపించాలి. ఎడిటింగ్‌తో మనం సాధించాల్సింది అంతే మరి!